టోకెన్ తెర నల్లబడిన పూట

మౌనిక ఫోన్

నేను రిటైరై నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఇంటిపట్టున ఉంటున్న మూడో నెలలో, నా కుర్చీలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. పేరు మౌనిక, ఊరు బాల్కొండ. డిప్లొమా చదివింది, చురుకైన పిల్ల. బోధన్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లులో కంప్యూటర్లు చూసుకునే పని నాది. ఇప్పుడు ఆమెది.

"సార్, చెరుకు యార్డుల టోకెన్ నంబర్లు చూపెట్టే కంప్యూటర్ ఉంది గదా. అది చాలూ కాంగనే నడిచే ఫైలు తెరిచి చూసిన. అండ్ల ఒక లైన్ మీద 'సాయవ్వ అడుగుతుంది' అని రాసుంది. సాయవ్వ అంటే ఏంది సార్? ఏదన్న ప్యాకేజీనా? ఇంటర్నెట్ల ఎంత వెతికినా దొరకలె."

"ఇంటర్నెట్ల దొరకది బిడ్డా. నవీపేట్ దిక్కు పోతే దొరుకుతది," అన్నాను.

ఆమె నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు నవ్వదు. "ఆ లైన్ తీసేద్దామనుకుంటున్న సార్. మంచిగ నడిచే గడియారాన్ని అది ఆపుతుంది. చూసేటోళ్లు సిస్టం హ్యాంగైందనుకుంటరు."

"ముందుగాల దాని మీదికెల్లి చెయ్యి తియ్యి," అన్నాను.

ఎందుకో ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టాను గానీ, కాసేపటికే ఆమెకు టోకెన్ల వేళయింది. రాసిస్తానన్నాను. ఇది ఆ రాత. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఎవరైనా చదువుకోవచ్చు. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నాకు వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. రిపోర్టుల సంగతీ ఉండదు. అవి రాసింది నేనే కాబట్టి వాటిలో ఏమీ లేదని నాకు బాగా తెలుసు.

ముసలి యంత్రాలు, తేలిక పనిముట్లు

మా మిల్లు కొత్త కంప్యూటర్ కొనడం చాలా అరుదు. హెడ్డాఫీసులో పాతబడినవి మాకు వచ్చేవి. వాటికి తోడు చెరుకు పిప్పి దుమ్ము. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వేసినా, అది లేచి కూర్చునే లోపల మనం వెళ్లి చాయ్ తాగి రావచ్చు. అందుకని అన్నిటిలో లినక్స్ వేశాను. హంగులన్నీ తీసేసి చిన్న చిన్న పనిముట్లతో నడిపించాను. ఒక నల్ల కిటికీ తెరవాలి, పనిముట్టు పేరు టైపు చేయాలి, ఎంటర్ కొట్టాలి. క్యాలికులేటర్ కావాలా, ఎక్స్‌క్యాల్క్. ఇంగ్లీషులో ఐదు అక్షరాలు. గడియారం కావాలా, ఎక్స్‌క్లాక్. తెర మీద చిన్న కబురు పెట్టాలా, ఎక్స్‌మెసేజ్. ఒక్కోటి ఒక్క పని చేస్తుంది, చేసి నోరు మూసుకుంటుంది. ఆ రెండో గుణం ఉన్న సాఫ్ట్‌వేర్ ఇప్పుడు దొరకడం కష్టం.

ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నా వైపు జాలిగా చూస్తారు. మౌనిక కూడా మొదటి రోజు అలాగే చూసి, "మౌస్ లేదా సార్?" అంది. ఉంది, వైరు ఎలుకలు కొరుకుతున్నాయని బీరువాలో పెట్టానన్నాను. సగం నిజమే.

అయితే తేలిక పనిముట్లకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది. "నిజంగా చేయమంటారా?" అని అవి రెండోసారి అడగవు. ఈ సంగతి మా కేన్ మేనేజర్ దేశ్‌పాండే సార్‌కు బాగా తెలిసింది. ఏ రైతు చెరుకు ఏ రోజు మిల్లుకు రావాలో తేల్చేది ఆయనే. నాందేడ్ వైపు మనిషి. నిబంధనల పుస్తకం సొరుగులో ఉండేది గానీ ఆయనకు దాని అవసరం ఉండేది కాదు, మొత్తం నోటికి వచ్చు. ఒకరోజు ఆయన కంప్యూటర్లో ఒక కిటికీ బిగుసుకుపోయింది. ఎక్స్‌కిల్ అని కొట్టి, బాణం గుర్తు మారిపోయాక ఆ కిటికీ మీద నొక్కండి, చచ్చిపోతుంది అని నేర్పాను. ఆయనకు అది ఎంతో నచ్చింది. మర్నాడు నేను లేనప్పుడు మళ్లీ అదే కొట్టి, కిటికీని వదిలి తెర అడుగున ఉండే పట్టీ మీద నొక్కారు. పట్టీ మొత్తం మాయమైంది. నేను వెళ్లేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

"గంగాధర్, నువ్వు నాకు కత్తి ఇచ్చినవ్. ఒర ఇయ్యలె," అన్నారు.

ఆయన్ని చూసి నాలో నేను చాలా నవ్వుకున్నాను. ఆ నవ్వు అక్కడ ఖర్చు చేయకుండా దాచుకుని ఉండాల్సింది. రెండేళ్లు తిరక్కుండానే అది నా మీద నవ్వుకోవడానికి కావలసి వచ్చింది.

ఖలీల్ భాయ్ వేలు

చెరుకు యార్డు మిల్లుకు కాస్త దూరంగా, రోడ్డు పక్కన ఉంటుంది. ట్రాక్టర్లు, ఎడ్ల బండ్లు అక్కడ వరసలో నిలబడి, తమ టోకెన్ నంబరు వచ్చినప్పుడు తూకం వేసే కాటా దగ్గరికి కదులుతాయి. నంబరు చూపించడానికి యార్డు గోడకు పాత టీవీ ఒకటి బిగించి, దాని వెనక ఒక ముసలి కంప్యూటర్ పెట్టాను. తెరంతా ఒక్క టెర్మినల్ కిటికీ, అందులో గోడంత అక్షరాలతో ఒక నంబరు. టోకెన్ కిటికీలో కూర్చునే ఖలీల్ భాయ్ ఎంటర్ నొక్కితే నంబరు ఒకటి పెరుగుతుంది. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన అన్నిటికన్నా చిన్న ప్రోగ్రాం అదే. అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది కూడా అదే.

ఖలీల్ భాయ్ ఎంటర్ మీటను నొక్కేవాడు కాదు, గుద్దేవాడు. ఒక్క సీజన్‌లో రెండు కీబోర్డులు పోయాయి.

"భాయ్, అది మీట. మేకు కాదు," అనేవాణ్ణి.

"గంగాధర్ సాబ్, మెల్లగ నొక్కితే దానికి వినపడుతలేదు. నాలెక్కనే దానికి గూడ చెవులు పోయినట్టున్నయి," అనేవాడు.

మూడో కీబోర్డు పోయినప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మీరు పనిలో చేరాక గొప్ప ఆలోచన వచ్చిన రోజున కాసేపు బయట తిరిగి రండి. నేను తిరిగి రాలేదు. కాటా దగ్గర బండి తూగగానే అక్కడి కంప్యూటర్ నుంచి నంబరు దానంతట అదే తెర మీదికి వచ్చేలా రాశాను. ఇక ఎవరూ ఏ మీటా నొక్కనక్కరలేదు. కీబోర్డు తీసేసి, కంప్యూటర్‌ను దుమ్ము పడకుండా ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక ఉత్తుత్తి నంబర్లు పంపి చూశాను. చక్కగా మారుతున్నాయి. తొమ్మిది నిమిషాలు నిలబడి చూసి మురిసిపోయాను.

ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే ఈ రాత ఉండేది కాదు. లినక్స్‌లో పది నిమిషాలపాటు ఎవరూ కీబోర్డు, మౌస్ ముట్టకపోతే, చూసేవాళ్లు లేరనుకుని అది తెరను నల్లగా చేసేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన అలవాటు. తెర మీద నంబర్లు మారుతున్నా దానికి లెక్క లేదు, మనిషి వేలు తగలాలి. అన్నాళ్లూ తెర వెలుగుతూ ఉండటానికి కారణం ఖలీల్ భాయ్ గుద్దులు. వాటిని నేను తీసేశాను. ఆ అలవాటు మాన్పించడానికి రెండు చిన్న వరసలు చాలు:

xset s off
xset -dpms

ఈ రెండూ నాకు తెలియనివి కావు. దేశ్‌పాండే సార్ కంప్యూటర్లో పెట్టాను, నా దాంట్లో పెట్టాను. యార్డులో పెట్టడం మరిచిపోయాను. తెలియక చేసిన తప్పుకు ఏదో ఒక సాకు దొరుకుతుంది. దీనికి అదీ లేదు.

ఆ పూట

మర్నాడు పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ఆన్ చేసి, మొదటి నంబరు పడటం చూసి, కళ్లద్దాలు మార్పించుకోవడానికి నిజామాబాద్ బయల్దేరాను. పెట్టె తాళంచెవి నా జేబులో ఉంది. ఫోన్ స్కూటర్ డిక్కీలో ఉంది. నేను యార్డు దాటి కాసేపు కాకముందే తెర నల్లబడింది.

ఇంకో ఊళ్లో అయితే ఎవరో ఒకరు టీవీని చేత్తో తట్టి చూసి, ఖరాబైందనుకుని ఊరుకునేవారు. మా దగ్గర అలా కాదు. మిల్లు మూతపడటం అంటే ఏమిటో ఇక్కడి వాళ్లు కళ్లారా చూసినవాళ్లు. సీజన్ మధ్యలో మేనేజరు కారు కాస్త వేగంగా వెళ్లినా, ఏమైందట అని ఊరంతా అడుగుతుంది. అలాంటిది నిన్నటిదాకా నంబరు చూపించిన తెర వంద బండ్ల ముందు నల్లగా అయిపోయింది.

"బంద్ పెట్టిండ్రు," అన్నాడట వరసలో ఒకాయన.

"పొగ వస్తుంది గదనే," అన్నాడట ఇంకొకాయన.

"లోపలున్న చెరుకు ఆడిస్తుండ్రు. కొత్తది తీసుకోరు. తీసుకునేదుంటే నంబరెందుకు తీసేస్తరు?"

ఖలీల్ భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి, మిల్లు నడుస్తుంది, బండ్లు రానియ్యుండ్రి అని గొంతు పోయేలా అరిచాడట. "నీకు గూడ చెప్పలేదేమో భాయ్," అని ఆయన మీదే జాలిపడ్డారట. వెనక ఉన్న ట్రాక్టర్లు ఒకటొకటిగా తిరిగాయి. కొందరు బెల్లం గానుగల వైపు, కొందరు సరిహద్దు దాటి మహారాష్ట్ర మిల్లు వైపు, కొందరు ఇంటికి పోయారు. నేను కొత్త అద్దాలు పెట్టుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, యార్డు సగం ఖాళీగా ఉంది. అద్దాలు మంచివే, అంతా స్పష్టంగా కనపడింది.

పెట్టె తెరిచి కీబోర్డు తగిలించి ఒక మీట నొక్కాను. నంబరు వెలిగింది. ఏమైందో ఆ క్షణంలోనే అర్థమైంది. అప్పుడే దేశ్‌పాండే సార్ వచ్చారు.

"క్యా హువా గంగాధర్?"

"కరెంట్ పోయింది సార్," అన్నాను.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంత వేగంగా నేను ఏ జవాబూ చెప్పలేదు.

మోటరు నడిచింది

సాయవ్వ మూడో రోజు వచ్చింది. నవీపేట్ దగ్గరి పల్లె ఆమెది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. తిరిగిపోయిన ట్రాక్టర్లలో ఒకటి ఆమె చెరుకుది. రెండు రోజులు అది ఇంటి ముందు ట్రాలీలోనే ఎండింది. మిల్లు నడుస్తోందని తెలిశాక మళ్లీ తెచ్చింది. టోకెన్ కిటికీ దగ్గర ఖలీల్ భాయ్ ఆమె పర్మిట్ చూసి, తన చేతుల్లో లేదని దేశ్‌పాండే సార్ గదికి పంపాడు. నేను అప్పుడు అదే గదిలో ఆయన ప్రింటర్ బాగుచేస్తున్నాను.

పర్మిట్ అంటే, ఫలానా రోజు మీ చెరుకు కొట్టించి తీసుకురండి అని మిల్లు ఇచ్చే చీటీ. ఆ రోజు తప్పితే పేరు జాబితా చివరికి పోతుంది. చివర అంటే ఎండాకాలం ముంగిట, అప్పటికి నిలబడ్డ చెరుకు బెండు బారిపోతుంది. సాయవ్వకు ఆ ట్రాలీ కాక పొలంలో ఇంకా ఎకరన్నర చెరుకు నిలబడి ఉంది.

సార్ చీటీ చూసి నెమ్మదిగానే చెప్పారు. "అవ్వా, ఆ రోజు యార్డుల కరెంట్ పోయింది. కరెంట్ పోవుడు మా తప్పు కాదు. ఉన్నోళ్ల చెరుకు తీసుకున్నం. పోయినోళ్ల పర్మిట్ తప్పినట్టే. రూల్ ఉంది."

"సార్, గా పర్మిట్ నా పేరు మీద వచ్చిన మొదటిది," అంది ఆమె. "నా పెనిమిటి ఉన్నప్పుడు ఆయన పేరు మీద వస్తుండె. మా మరిది ఏమన్నడంటే, ఒక్క ఏడు జూస్తం వదినా, పర్మిట్ గూడ సంబాళించకపోతే భూమి మేం చేస్తం, నువ్వు ఇంట్ల కూసో అన్నడు. చీటీ తప్పిందని ఆయనకు తెలిస్తే నా చేను ఇగ నాది గాదు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన రాతిమనిషి కాదు. కానీ ఒకరికి సడలిస్తే వందమంది వస్తారని భయపడే మనిషి. "నేనేం జెయ్యాలె చెప్పవ్వా. కరెంట్ పోతే..."

"కరెంట్ ఉండె గద సార్," అంది సాయవ్వ.

సార్ అద్దాలు తుడవడం ఆపారు.

"యార్డుల నీళ్ల నల్లా దగ్గర మోటరు నడుస్తుండె. నేను సీసల నీళ్లు పట్టుకున్న. తెర నల్లగైనంక పట్టుకున్న. కరెంట్ లేకుంటే మోటరెట్ల నడుస్తది?"

ఆమె ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆమెకు నిజంగానే తెలియదు, అందుకే అడిగింది. దేశ్‌పాండే సార్ తల నెమ్మదిగా నా వైపు తిప్పారు. నా చేతిలో ప్రింటర్ మూత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"తప్పు నాది సార్," అన్నాను. "కరెంట్ పోలె. నేను రెండు లైన్లు రాసుడు మర్చిపోయిన. తెర దానంతట అదే పండుకుంది. మీకు అబద్ధం చెప్పిన."

చెవులదాకా వేడెక్కింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేడిగానే ఉంది. నేను మరిచిపోయినవి రెండు చిన్న వరసలు. కానీ ఈమె చేను పోయేది ఆ వరసల వల్ల కాదు, నేను చెప్పిన రెండు ముక్కల అబద్ధం వల్ల. యంత్రం చేసిన నష్టాన్ని నియమాల ప్రకారం సరిదిద్దే వీలుంది, తప్పు మిల్లుదని తేలితే పర్మిట్లన్నీ మళ్లీ చెల్లుతాయి. ఆ దారిని నేనే మూసేశాను.

సార్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. చివరికి, "ఎన్ని బండ్లు తిరిగిపోయినయి?" అని అడిగారు.

"తెల్వది సార్."

"తెలుసుకో. టోకెన్ జాబితా తీస్కో, స్కూటర్ తీస్కో. ఊరూరు తిరుగు. ప్రతి ఇంటికి పోయి తప్పు నాది, పర్మిట్ చెల్లుతది అని నీ నోటితోని చెప్పు. ఫోన్ చెయ్యొద్దు." సాయవ్వకు కొత్త చీటీ రాస్తూ అన్నారు, "కత్తి నాకు ఇచ్చినప్పుడు ఒర లేదంటే నవ్వినవ్ గదా."

చూశారన్నమాట. నవ్వు బయటపడలేదనే అనుకున్నాను.

సాయవ్వ కొత్త చీటీ తీసుకుని కొంగున ముడేసుకుంది. గుమ్మం దాకా పోయి ఆగింది. "తమ్మీ, అందరిండ్లకు పోతవ్ గదా. ముందుగాల మా ఇంటికి రా. చీటీ జూపెడితే మా మరిది నమ్మడు, బతిమాలి తెచ్చుకున్ననంటడు. ఆయన ముంగట నువ్వు ఒక్కసారి చెప్పు."

వెళ్లాను. మరిది వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాడకట్టులో పదిమంది ఉన్నారు. నిలబడే చెప్పాను: తప్పు మిల్లుది, మిల్లులో నాది, అక్క చెప్పిన రోజు చెప్పిన వేళకే చెరుకు తెచ్చింది. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"గింత చదువుకోని టీవీ పెట్టరాలేదా నీకు?" అన్నాడు.

"రాలేదన్నా," అన్నాను.

సాయవ్వ లోపలికి పోయి చాయ్ తెచ్చి ముందు నాకిచ్చింది. ఆ చెరుకు ఆమె పేరు మీదే మిల్లుకు వచ్చింది, ఆ మరుసటి ఏడు కూడా వచ్చింది. మిగిలిన ఊళ్లు తిరగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగిన పెద్ద సలహా ఇదే. ఏదైనా పాడైనప్పుడు నోట్లోంచి మొదట వచ్చే కారణాన్ని మింగేయండి. రెండోది కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది.

గడియారం

తెర నిద్రపోకుండా చేశాను గానీ, జనానికి నమ్మకం రాలేదు. కాటా దగ్గర ఆలస్యమై నంబరు కాసేపు మారకపోతే, మళ్లీ పాయె అని బండ్లు తిప్పడానికి చూసేవారు. అందుకని తెర మూలన ఒక గడియారం పెట్టాను. ఎక్స్‌క్లాక్‌కు ప్రతి సెకనుకూ కదలమని చెబితే సెకన్ల ముల్లు వస్తుంది. నంబరు ఆగినా ముల్లు తిరుగుతూ ఉంటుంది, ఇది బతికే ఉంది అని చెబుతుంది.

అది ఎంత బాగా పనిచేసిందంటే, తర్వాతి సీజన్ నాటికి ఊళ్లలో కొత్త అలవాటు మొదలైంది. పొద్దున చెరుకు కొట్టించే ముందు యార్డులో ఉన్న ఎవరికైనా ఫోన్ చేసి, "ముల్లు తిరుగుతుందా?" అని అడిగేవారు. తిరుగుతుందంటే కొడవళ్లు లేచేవి. నాకు ఛాతీ ఉబ్బింది. ఇంకో గొప్ప ఆలోచన అన్నమాట.

ఒకరోజు చెరుకు పిండే క్రషర్ పళ్ల చక్రం విరిగి మిల్లు ఆగింది. మిల్లు ఆగింది గానీ ముల్లు ఆగలేదు. ఊళ్లలో ఫోన్లు మోగాయి, ముల్లు తిరుగుతుందన్నారు, చెరుకు కొట్టారు. రెండు రోజులు యార్డంతా కొట్టిన చెరుకు ఎండింది. అందులో సాయవ్వది ఒక ట్రాలీ. ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"తమ్మీ, అప్పుడు అబద్ధం నువ్వు చెప్పినవ్. ఇప్పుడు గడియారంతోని చెప్పిస్తున్నవ్."

"గడియారం టైం చెప్తదక్కా. మిల్లు సంగతి దానికేం తెల్సు?"

"దానికి తెల్వది. నీకు తెల్సు గదా. మిల్లు ఆగితే అది గూడ ఆగాలె. ఎప్పుడు ఆగిందో గూడ తెలుస్తది."

నేను రాత్రింబవళ్లు కూర్చుని ఆలోచించినా తట్టనిది ఆమె కాటా గోడకు ఆనుకుని, చెరుకు ముక్క నములుతూ చెప్పేసింది. లినక్స్‌లో నడిచే పనిముట్టును చంపకుండా ఉన్నచోటే ఆపవచ్చు.

pkill -STOP xclock

గడియారం తెర మీదే ఉంటుంది, ముల్లు ఆగిన చోటే నిలబడిపోతుంది. మిల్లు ఎన్ని గంటలకు ఆగిందో అదే చూపిస్తూ ఉంటుంది. స్టాప్ బదులు కాంట్ (CONT) అని కొడితే మళ్లీ లేచి అసలు సమయం దగ్గరికి గంతేస్తుంది. దీన్ని మాత్రం దానంతట అదే జరిగేలా రాయలేదు. అంత బుద్ధి వచ్చింది. మిల్లు లోపలి నుంచి ఫోన్ వస్తే ఖలీల్ భాయ్ ఒక మీట నొక్కాలి. ఆయన కీబోర్డు ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

"నా వేలు యాదికొచ్చిందా సాబ్?" అన్నాడు. పనిచేస్తుందో లేదో ఆ పూటే చూద్దామని ఒక్క గుద్దు గుద్దాడు. ముల్లు ఆగింది.

కంప్యూటర్ లేవగానే నడిచే ఫైల్లో, ఆ మీటకు ఈ పని అప్పగించే లైన్ పైన హ్యాష్ గుర్తు పెట్టి "సాయవ్వ అడుగుతుంది" అని రాశాను. హ్యాష్ గుర్తు ఉన్న మాటను యంత్రం చదవదు. అది మన తర్వాత వచ్చే మనుషుల కోసం.

మళ్లీ మౌనిక ఫోన్

ఇక్కడిదాకా రాసి ఆపుదామనుకున్నాను. నిన్న మధ్యాహ్నం మళ్లీ ఫోన్ వచ్చింది.

"సార్, పది దాటినంక క్రషర్ ఆగింది. ఖలీల్ భాయ్ సాబ్ మీట నొక్కిండు. ముల్లు పది ఇరవైకి ఆగిపోయింది. నేను భయపడ్డ. అందరు బండ్లు తిప్పుకోని పోతరనుకున్న."

"పోయిండ్రా?"

"ఒక్కలు గూడ పోలె సార్. తువ్వాలలు పరుసుకోని కూసున్నరు. డబ్బాలు ఇప్పి తింటుండ్రు. ఇంక కొట్టనోళ్లు మాత్రం ఇంటికి ఫోన్ చేసి, కొడవండ్లు ఆపుండ్రి, ముల్లు ఆగింది అంటుండ్రు." గొంతు తగ్గించింది. "సాయవ్వ గూడ వచ్చింది సార్. ఇక్కడనే ఉంది. మీ పేరు అండ్ల రాసుంది అవ్వా అని చెప్పిన. నమ్ముతలేదు."

ఫోన్‌లో సాయవ్వ గొంతు వినపడింది. నాతో కాదు, మౌనికతో మాట్లాడుతోంది. "నా పేరు మిల్లు రాతల ఎందుకుంటది బిడ్డా? పర్మిట్ కాయిదం మీద తప్ప యాడ లేదు. ఏది, సూపెట్టు."

కుర్చీ జరిపిన చప్పుడు. ఆమెకు చదువు రాదు గానీ తన పేరు గుర్తుపడుతుంది, పర్మిట్ మీద సంతకం నేర్చుకుంది. వేలుతో తెర మీద అక్షరాలు దిద్దుతోందని మౌనిక నాకు గుసగుసగా చెప్పింది.

"గిది నాదే," అంది సాయవ్వ. "పక్కకు ఏమున్నది?"

"అడుగుతుంది అని ఉంది అవ్వా. సాయవ్వ అడుగుతుంది."

"అడుగుత," అంది ఆమె. "ఉండనీ, తీసెయ్యకు."

"తీసెయ్య అవ్వా," అంది మౌనిక.